ట్రెక్కింగ్‌కి కెమెరా కొంటున్నారా? మెగాపిక్సెల్స్ కంటే ముందు ఇవి చూడండి

"ఫోన్‌కే ఐపీ68 ఉంది కదా, మళ్లీ కెమెరా ఎందుకు?" వీకెండ్ ట్రెక్ అనగానే మా టీమ్‌లో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నా సమాధానం సింపుల్. నల్లమల లాంటి అడవిలో ఫోన్ అంటే మ్యాప్, టార్చ్, ఎమర్జెన్సీ కాల్. ఫొటోల కోసం దాన్ని వాగులో ముంచే రిస్క్ నేనైతే తీసుకోను.

అసలు ఐపీ68 అంటే ఏంటి? 6 అంటే దుమ్ము లోపలికి వెళ్లదు. 8 అంటే కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంత సేపు నీళ్లలో ఉన్నా తట్టుకుంటుంది. ఆ టెస్ట్ ల్యాబ్‌లో, మంచినీళ్లలో జరుగుతుంది. సముద్రపు ఉప్పునీళ్ల గురించి, బండ మీద పడితే ఏమవుతుందనే దాని గురించి ఈ రేటింగ్ ఏమీ చెప్పదు. పైగా చాలా ఫోన్లకి నీళ్ల డ్యామేజ్ వారంటీలో రాదు.

మరి టఫ్ కెమెరాలో తేడా ఏంటి? 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7నే తీసుకుందాం. 15 మీటర్ల లోతు, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడటం, 100 కిలోల ఒత్తిడి, మైనస్ 10 డిగ్రీల చలి... వీటన్నిటినీ తట్టుకునేలా చేశారు. బరువు దాదాపు 250 గ్రాములే. 4ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉన్నా లెన్స్ బయటకి రాదు, లోపలే కదులుతుంది. అందుకే ఇసుక ఇరుక్కునే సందు ఉండదు. తడి చేతులతో టచ్‌స్క్రీన్ మొండికేసినా, ఇక్కడ బటన్లు పనిచేస్తాయి.

మైనస్ కూడా ఉంది. సెన్సర్ చిన్నది, 12 మెగాపిక్సెల్స్. రాత్రి క్యాంప్‌ఫైర్ ఫొటోల్లో మంచి ఫోనే గెలుస్తుంది. మీకు కావాల్సింది బైక్ రైడ్ వీడియోలైతే గోప్రో బెటర్. చాలా మోడళ్లు కేసు లేకుండానే 10 మీటర్ల లోతు వరకు ఓకే, కానీ ఆప్టికల్ జూమ్ ఉండదు.

ఏది కొన్నా, బ్యాటరీ డోర్ దగ్గరుండే రబ్బరు సీల్‌ని మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. దాని మీద ఒక్క వెంట్రుక, నాలుగు ఇసుక రేణువులు ఉన్నా నీళ్లు లోపలికి వెళ్లే ఛాన్స్ ఉంది. బీచ్ నుంచి వచ్చాక డోర్ తెరవకుండానే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తెరవండి.

ఏడాదికి ఒక్క ట్రిప్ వెళ్లేవాళ్లకి ఫోన్‌కో వాటర్‌ప్రూఫ్ పౌచ్ చాలు. నెలనెలా వాగులు, కొండలు, బీచ్‌లు తిరిగేవాళ్లయితే మాత్రం టఫ్ కెమెరాకి పెట్టిన డబ్బు వృథా కాదు.