నారు నాటునపుడు తొలి ఎరువు నీరు

“నారు పోసినవాడు నీరు పోయడా” యని మన పెద్దల సామెత. ఆ నీటిలోనే స్వల్పముగా ఎరువు కరగించి పోసినచో టమాటా, వంగ, మిరప నారు పెరటి మడిలో త్వరగా నిలదొక్కుకొనును. ఎంత పోయవలెను, ఎట్లు పోయవలెను అని సభ్యులు పలువురు అడుగుచున్నందున ఇచ్చట క్లుప్తముగా వివరించుచున్నాను.

నారును పెరికినపుడు పెద్ద వేళ్లు మన చేతికి వచ్చును గాని, నీటిని పీల్చు సన్నని వేళ్లు చాలవరకు తెగి నారుమడిలోనే నిలిచిపోవును. ఆకులు మాత్రము మునుపటివలెనే నీటిని ఆవిరిగా విడుచుచుండును. రాబడి తగ్గియు వ్యయము తగ్గని కుటుంబమువలె మొక్క వడలును. క్రొత్త వేళ్లు పుట్టువరకు దాని కీ కష్టము తప్పదు.

వేళ్ల పెరుగుదలకు భాస్వరము ముఖ్యము. అయితే భాస్వరము నీటితోపాటు నేలలో దూరము పోవునది కాదు. పడినచోటనే మంటిని పట్టుకొని యుండును. ఎదిగిన మొక్క తన వేళ్లను దాని కడకు పంపగలదు. క్రొత్తగా నాటిన నారు పంపజాలదు. నేల చల్లగా నున్నపుడు ఈ యిబ్బంది మరింత హెచ్చు. కావున భాస్వరమును కరగించి వేళ్ల చెంతకే చేర్చుట ఈ పద్ధతిలోని మర్మము.

నీటిలో పూర్తిగా కరగు 19-19-19 గాని, భాస్వరము హెచ్చుగాగల 12-61-0 గాని 10 లీటర్ల నీటికి 30 గ్రాములు చొప్పున కలుపవలెను. సాయంకాలము నారు నాటి, మన్ను అదిమి, ఒక్కొక్క మొక్క మొదట 250 మిల్లీలీటర్లు, అనగా ఒక పెద్ద గ్లాసెడు, పోయవలెను. ఆకులపై పడినచో మంచినీటితో కడుగవలెను. ఇట్లు ఒక్క పర్యాయము చాలును. డి.ఎ.పి. గుళికలను మాత్రము వేళ్ల ప్రక్కన వేయరాదు. అందుండి వెలువడు అమ్మోనియా లేత వేళ్లకు హాని చేయును.

ఉద్యోగములో చేరిన క్రొత్తలో నేనే యొక పొరపాటు చేసితిని. కొంచెము మేలయినపుడు హెచ్చయిన మరింత మేలగునని తలచి, ఒక పెరటిలో వంగ నారు గుంటలలో పిడికెడేసి ఎరువు వేయించితిని. మూడవనాటికి ఆకుల అంచులు మాడినవి. వారము తిరుగకముందే సగము మొక్కలు చచ్చినవి. ఆ యింటి యిల్లాలు నన్నొక్క మాటయు అనలేదు; “మరల పోయుటకు విత్తనము లున్నవా?” యని మాత్ర మడిగినది. ఆ ప్రశ్న నే నింతవరకు మరువలేదు.

కారణము వంటయింటి వారికి తెలిసినదే. మాగాయకు మామిడి ముక్కలలో ఉప్పు కలిపినచో ముక్కలలోని నీరు వెలికి ఊరును. ఎరువును ఒక విధమైన లవణమే. అది వేళ్లచుట్టు గాఢముగా నున్నచో వేళ్లు నీటిని పీల్చుటకు మారుగా కోల్పోవును.

ఈ నీరు చివికిన పశువుల ఎరువునకు బదులు కాదు. భాస్వరము సమృద్ధిగానున్న నేలలో దీనివలన భేదము స్వల్పము. అట్టిచోట వట్టి నీరే చాలును. కావున ముందుగా మన్ను పరీక్ష చేయించుట మంచిది. అది కానిచో, ఒక సాలుకు ఎరువు నీరును, ప్రక్క సాలుకు వట్టి నీటిని అంతే కొలతతో పోసి మూడు వారములు చూడుడు.

పైని చెప్పిన కొలత ప్రకారము 1 కిలో ఎరువు 1,300 మొక్కలకు చాలును. ఒక పెరటి కంత యవసరము లేదు గనుక సభ్యులు నలుగురైదుగురు కలిసి కొని పంచుకొనవచ్చును. మిగిలినదానిని తేమ తగులకుండ మూత బిగించి, పిల్లల కందనిచోట నుంచవలెను. నా మాటను నమ్ముటకంటె మీ సాళ్లు చెప్పు సాక్ష్యమును నమ్ముడు.