అంధులకు హెచ్.ఐ.వి. చికిత్స



మందు ఉచితముగా దొరకుట వేరు, దానిని పొందగలుగుట వేరు. చూపులేని రోగుల విషయమున ఈ భేదమెట్టిదో నేడు మనవి చేయుదును.

హైదరాబాదు పాతనగరమునుండి నయాపూలు దాటినచో మూసీ యొడ్డున ఉస్మానియా వైద్యశాల కలదు. హెచ్.ఐ.వి. సోకినవారికి అచ్చటి ఏ.ఆర్.టి. కేంద్రమున చికిత్స లభించును. భారత ప్రభుత్వము 2004 ఏప్రిలు 1వ తేదీన ఈ మందులను ఉచితముగా నిచ్చుట ప్రారంభించినది. నేడు పెక్కుమందికి దినమున కొక్క మాత్ర చాలును. మానక సేవించినచో వైరసు అణగియుండును, రోగి చిరకాలము జీవించును. నడుమ మానినచో అది మరల విజృంభించును.

మాత్ర చిన్నదే, దానిని చేరు దారియంతయు అక్షరమయము. గది పేరు పలకపై, మరల రావలసిన తేదీ చీటిపై, మందు పేరు సీసాపై వ్రాసియుండును. అంధు లిన్నింటికిని పరుల కన్నుల నాశ్రయింపవలెను. చీటి చదివి పెట్టినవారికి రోగి రహస్యమును తెలియును. అది ఊరంతయు పొక్కునేమో యను భయముచే చికిత్సనే మానుకొనుట సంభవము.

ఆలస్యమువలన మరియొక కీడు కలదు. దేహమున రోగనిరోధకశక్తి మిక్కిలి క్షీణించినపుడు సైటోమెగలో యను వేరొక వైరసు కంటి లోపలి పొరను చెరచి, చూపును హరింపవచ్చును. కావున సకాల చికిత్స ప్రాణమునే గాక, మిగిలిన చూపును గూడ కాపాడును.

చట్టములు రోగి పక్షముననే యున్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ వైద్యశాలలలో ఆటంకములేని ప్రవేశమును, చికిత్సలో ప్రాధాన్యమును విధించినది. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము నమ్మి చెప్పిన రహస్యమును సమ్మతిలేక వెల్లడింపరాదని శాసించినది. ఐరోపా సమాఖ్య 2004లోనే మందుపెట్టెలపై మందు పేరు బ్రెయిలు లిపిలో నుండవలెనని నిర్ణయించినది.

మనము చేయదగిన దేమి? తోడు ఎవరు రావలెనో రోగినే యడుగుడు. సీసా మెడకు దారము కట్టినచో చేతి స్పర్శచేతనే గుర్తింపవచ్చును. మాట్లాడు సెల్‌ఫోను మాత్ర వేళను తెలుపును. 1097 అను ఉచిత ఫోను సంఖ్యకు రోగి తానే మాటలాడి సలహా పొందవచ్చును. వివరములను ఏకాంతమున నోటితో చెప్పుడని వైద్యులను కోరవచ్చును.

చేయిపట్టి నడిపించుట ఉపకారమే. తెలిసిన రహస్యమును మనసున దాచుకొనుట అంతకంటె గొప్ప యుపకారమని నా మనవి.