పాత కంప్యూటర్ ఎవరి చేతికి వెళుతోంది?

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ రోజు ఏ కంప్యూటరూ చెడిపోలేదు. కీబోర్డులూ తెరలూ హార్డ్ డిస్కులూ ముందురోజు ఎలా పనిచేశాయో మర్నాడూ అలాగే పనిచేశాయి. కానీ విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త తరం ప్రాసెసరు ఉండాలి. అవి లేని కోట్లాది యంత్రాలకు ఒక్కసారిగా ‘పాతవి’ అన్న పేరు వచ్చిపడింది.

ఇలా పాతబడిన కంప్యూటర్ ముందు బీరువా మీదికి చేరుతుంది. దానికి తోడుగా పగిలిన ఫోన్లు, చార్జర్లు, పనిచేయని ప్రింటరు, ఉబ్బిన యూపీఎస్ బ్యాటరీ పోగవుతాయి. పండక్కి ఇల్లు సర్దేటప్పుడో, ఇల్లు మారేటప్పుడో ‘పాత సామాన్లు కొంటాం’ అని మైకులో అరుస్తూ వచ్చే ఆటోకి మొత్తం అప్పగించేస్తారు. నాలుగు డబ్బులు వస్తాయి, ఇల్లు ఖాళీ అవుతుంది. ఆ సామాను అసలు ప్రయాణం మాత్రం అక్కడే మొదలవుతుంది.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వస్తువుల బరువు 6 కోట్ల 20 లక్షల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు అందింది అందులో 22.3 శాతమే. ఇదే తీరు సాగితే 2030 నాటికి ఈ చెత్త 8 కోట్ల 20 లక్షల టన్నులకు చేరుతుందని అంచనా. ఈ-వ్యర్థాలు ఎక్కువగా పోగయ్యే దేశాల్లో చైనా, అమెరికాల తర్వాతి స్థానం భారత్‌దే.

బంగారమూ ఉంది, సీసమూ ఉంది

తుక్కు కొనేవాళ్లు కంప్యూటర్ కోసం అంతగా పోటీ పడటానికి కారణం మదర్‌బోర్డు. ర్యామ్ కార్డు అడుగున పసుపుపచ్చగా మెరిసే సన్నని పళ్ల వరస నిజంగా బంగారు పూతే. బంగారం తుప్పు పట్టదు, కరెంటును చక్కగా ప్రవహింపజేస్తుంది. అందుకే తాకిడి పడే చోటల్లా దాన్ని పూస్తారు. బోర్డులో రాగి, వెండి, పల్లేడియం కూడా ఉంటాయి. బంగారు గనిలో టన్ను రాయిని పిండి చేస్తే దక్కేది సాధారణంగా కొద్ది గ్రాములే. టన్ను పాత ఫోన్లలో అంతకు ఎన్నో రెట్లు దొరుకుతుంది.

దీన్ని జపాన్ ప్రపంచానికి చూపించింది. టోక్యో ఒలింపిక్స్ కోసం 2017 ఏప్రిల్ నుంచి రెండేళ్ల పాటు ఊరూరా పాత వస్తువులు సేకరించారు. 78,985 టన్నుల చిన్న ఎలక్ట్రానిక్ సామగ్రి, దాదాపు 62 లక్షల మొబైల్ ఫోన్లు వచ్చాయి. వాటి నుంచి సుమారు 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీశారు. ఆ క్రీడల్లో విజేతలు అందుకున్న సుమారు 5,000 పతకాలూ వాటితో చేసినవే.

అదే పెట్టెలో విషమూ ఉంటుంది. పాతకాలపు డబ్బా మానిటర్ల గాజులో సీసం, తొలితరం ఎల్‌సీడీ తెరల వెనక వెలిగే సన్నని ట్యూబుల్లో పాదరసం, కొన్ని రకాల బ్యాటరీల్లో కాడ్మియం ఉంటాయి. ప్లాస్టిక్ అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు సరేసరి. ఇంట్లో బల్ల మీద ఉన్నంతకాలం వీటితో భయం లేదు. విరగ్గొట్టినప్పుడూ, కాల్చినప్పుడూ, యాసిడ్‌లో ముంచినప్పుడూ బయటికొస్తాయి.

సీలంపూర్ సందుల్లో

మన దేశంలో ఈ విరగ్గొట్టే పనికి పెద్ద అడ్డా ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్. ఇరుకు సందుల్లో, చీకటి గదుల్లో మనుషులు నేల మీద కూర్చుని సుత్తీ స్క్రూడ్రైవరూ పట్టుకుని కంప్యూటర్లను ముక్కలు చేస్తారు. బోర్డును మంట మీద వేడి చేస్తే సోల్డరు కరుగుతుంది. పట్టకారుతో చిప్పులు ఊడదీస్తారు. సోల్డరులోని సీసం పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వైర్లను కుప్పపోసి తగలబెడితే పైనున్న పీవీసీ కాలిపోయి రాగి మిగులుతుంది. ఆ పొగలో డయాక్సిన్ల వంటి మొండి విషాలుంటాయి. ఆపైన బంగారం కోసం బోర్డులను యాసిడ్ తొట్టెల్లో నానబెడతారు. పని అయ్యాక ఆ యాసిడ్ మురుగు కాలవలోకి పోతుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఇత్తడి పనికి పేరుపడ్డ మొరాదాబాద్‌కూ ఈ బోర్డులు చేరతాయి. అక్కడ కాల్చిన నల్లటి బూడిద రామగంగ నది ఒడ్డున గుట్టలుగా పేరుకుపోయింది. ఆ వ్యవహారం చివరికి జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

ఈ పనిలో పసివాళ్లూ ఉంటారన్నదే అన్నిటికన్నా బాధాకరం. చిన్న వేళ్లు సన్నని భాగాలను తేలిగ్గా పట్టుకుంటాయన్న లెక్క అది. చెత్త ఏరి, విడదీసే పని కూడా ఒక భాగమైన అసంఘటిత పారిశ్రామిక రంగంలో కోటీ 80 లక్షల మందికి పైగా పిల్లలు, కౌమార వయసువాళ్లు ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్చరించింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ నష్టాన్ని తర్వాత ఏ మందూ పూడ్చలేదు.

దీనికి తోపుడుబండివాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఇంటింటికీ తిరిగి వస్తువు పోగుచేయడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. చిక్కంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది. యాసిడ్ తొట్టెవాడు కిలోకి రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వగలుగుతున్నాడంటే, పొగను వడగట్టే యంత్రానికీ, మురుగు శుద్ధికీ, కార్మికుల రక్షణకూ పైసా ఖర్చు పెట్టడం లేదు గనకే.

చెత్త కాకముందే

ల్యాప్‌టాప్ తన జీవితకాలంలో పర్యావరణానికి చేసే నష్టంలో ఎక్కువ భాగం దాని తయారీ దశలోనే జరిగిపోతుంది. కాబట్టి ఉన్న యంత్రాన్ని మరో మూడు నాలుగేళ్లు నడపడమే అన్నిటికన్నా గొప్ప రీసైక్లింగ్.

నెమ్మదించిన కంప్యూటర్‌కు చాలాసార్లు కావలసింది రెండే: హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ, ఇంకాస్త ర్యామ్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఇది పూటలో అయిపోయే పని. విండోస్ 11 ఎక్కని యంత్రంలో లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే చదువులకూ, టైపింగుకూ, ఇంటర్నెట్టుకూ హాయిగా పనికొస్తుంది. లినక్స్‌ను తెలుగులో వాడుకునేలా చేసేందుకు హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి శ్రమించింది. ఊళ్లో గ్రంథాలయానికో, ట్యూషన్ చెప్పే పిల్లకో అలాంటి కంప్యూటర్ ఇవ్వవచ్చు. పనిచేసే స్థితిలో, చార్జరుతో సహా ఇవ్వాలి. చెడిపోయింది ఇస్తే దాన్ని వదిలించుకునే బరువు అవతలివాళ్ల నెత్తిన పెట్టినట్టే.

డేటా తుడవకుండా ఇస్తే

చాలామంది పాత ఫోన్ ఎవరికీ ఇవ్వకుండా సొరుగులో దాచేది ఫొటోలు, బ్యాంకు వివరాలు పరుల పాలవుతాయన్న భయంతో. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ సంస్థ పాత సర్వర్లు, హార్డ్ డిస్కులు తొలగించే పనిని ఆ అనుభవమే లేని రవాణా కంపెనీకి అప్పగించింది. కస్టమర్ల సమాచారం ఉన్న పరికరాలు కొన్ని ఆన్‌లైన్ వేలంలో తేలాయి. 2022 సెప్టెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఈ వ్యవహారంలో 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ఫైల్‌ను డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన పాత హార్డ్ డిస్కు నుంచి సమాచారం పోదు. ఫైల్ ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే చెరుగుతుంది. మొత్తం డిస్కు మీద కొత్త సమాచారం రాయిస్తేనే పాతది నిజంగా పోతుంది. విండోస్ రీసెట్‌లో అన్నీ తీసేయమని చెప్పేటప్పుడు డ్రైవును పూర్తిగా శుభ్రం చేసే ఎంపిక కూడా ఉంటుంది. సమయం ఎక్కువ పట్టినా దాన్నే ఎంచుకోవాలి. ఎస్‌ఎస్‌డీ పనితీరు వేరు గనక తయారీ సంస్థ ఇచ్చే ఎరేజ్ సాఫ్ట్‌వేర్ వాడటం మేలు. అసలు ఆన్ కాని హార్డ్ డిస్కుకు లోపలి పళ్లేల గుండా డ్రిల్లుతో రంధ్రాలు వేయిస్తే సరి.

ఫోన్ల విషయంలో మరో జాగ్రత్త ఉంది. ముందు గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ కావాలి. సిమ్, మెమరీ కార్డు తీయాలి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ లాక్ అయిపోవచ్చు. అప్పుడు లక్షణంగా పనిచేసే ఫోన్ కూడా కొన్నవాడికి అక్కరకు రాక నేరుగా తుక్కులోకి పోతుంది.

చట్టం ఏమంటోంది

కొత్త కంప్యూటర్ అట్టపెట్టె మీదో, వెనక స్టిక్కరు మీదో చక్రాల చెత్తడబ్బా బొమ్మ, దానిపై ఇంటూ గుర్తు కనిపిస్తాయి. మామూలు చెత్తలో వేయరాదని దానర్థం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల కింద 106 రకాల వస్తువులున్నాయి. వాటిని తయారుచేసి లేదా దిగుమతి చేసి అమ్మే కంపెనీలే వాటి చివరి మజిలీకీ బాధ్యత వహించాలి. 2023-24, 2024-25ల్లో 60 శాతం, ఆపై రెండేళ్లు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం చొప్పున కంపెనీలు రీసైక్లింగ్ లక్ష్యం అందుకోవాలి.

గృహస్థులకు దీనివల్ల దారులు తెరుచుకున్నాయి. పెద్ద బ్రాండ్ల వెబ్‌సైట్లలో పాత వస్తువు వెనక్కి తీసుకునే వివరాలుంటాయి. ఎక్స్చేంజ్‌లో ఇచ్చేటప్పుడు ‘ఇది తర్వాత ఎక్కడికి పోతుంది?’ అని దుకాణదారును అడగాలి. నమోదైన రీసైక్లర్ల జాబితాలు కేంద్ర, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్ల దగ్గర దొరుకుతాయి. అలాంటి కేంద్రంలో ముందు బ్యాటరీ వేరుచేస్తారు. ఆపై చేత్తో విడిభాగాలు తీస్తారు. మిగిలినదాన్ని ముక్కలు చేసి, అయస్కాంతంతో ఇనుము, ఇతర యంత్రాలతో అల్యూమినియం, ప్లాస్టిక్ విడదీస్తారు. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పద్ధతిని హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీ-మెట్ మన గడ్డ మీదే రూపొందించింది.

ఉబ్బిన లిథియం బ్యాటరీని మాత్రం గుచ్చరాదు, వంచరాదు, చెత్తబుట్టలో వేయరాదు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట లేస్తుంది. చెత్త లారీలో జరిగితే లారీయే అంటుకోవచ్చు. దాన్ని విడిగా, లోహపు వస్తువులకు దూరంగా పెట్టి బ్యాటరీలు తీసుకునే కేంద్రానికే ఇవ్వాలి.

ఇళ్లకన్నా పెద్ద కుప్పలున్నది సంస్థల దగ్గర. ఏడాదిలో ఎప్పుడైనా జాబితాలోని వస్తువులు వెయ్యికి తగ్గకుండా వాడే సంస్థ చట్టం దృష్టిలో భారీ వినియోగదారు. నమోదైనవారికి తప్ప మరొకరికి తన ఈ-చెత్త ఇవ్వకూడదు. హైదరాబాద్, విశాఖల్లోని ఐటీ కంపెనీలు, ఇంజినీరింగ్ కాలేజీలు, ఆస్పత్రులు ఎన్నో ఈ లెక్కలోకి వస్తాయి. కాలేజీ ల్యాబులో వంద కంప్యూటర్లు మార్చే రోజున ప్రిన్సిపాల్ బల్ల మీదికి రెండు కొటేషన్లు వస్తాయి. ఎక్కువ రేటు రాసిన కాగితం మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసి, ఆ నంబరును మండలి జాబితాతో సరిపోల్చి, డిస్కులు తుడిచినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టాలి.