స్టార్టు కానన్న యంత్రం ఏం చెబుతోంది?

పెద్ద క్రికెట్ మైదానాల్లో, గోల్ఫ్ కోర్సుల్లో చిన్న ట్రాక్టరులాంటి బండిపై కూర్చొని గడ్డి కోయడం మీరు చూసే ఉంటారు. దాని పేరు రైడింగ్ లాన్ మోవర్. ఇంటిచుట్టూ విశాలంగా పచ్చిక పెంచే అమెరికాలో ఇది మామూలు గృహోపకరణం. 1830లో ఇంగ్లండుకు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ పేటెంటు పొందిన తొలి గడ్డికోత యంత్రాన్ని మనిషే నెట్టాల్సి వచ్చేది. నేటి బండికి సాధారణంగా పెట్రోలు ఇంజను, 12 వోల్టుల బ్యాటరీ, స్టార్టర్ మోటారు ఉంటాయి. చలికాలమంతా షెడ్డులో పడివున్న బండి, వసంతంలో తాళంచెవి తిప్పితే తరచు మొరాయిస్తుంది.

అప్పుడు తోచిన భాగమల్లా మార్చేస్తే డబ్బు దండుగ. ఇంజను స్టార్టు కావడంలో రెండు దశలున్నాయి. మొదట స్టార్టర్ మోటారు ఇంజనును తిప్పాలి. ఆపైన ఇంధనం, గాలి, నిప్పురవ్వ మూడూ సిలిండరులో కలవాలి. పని ఏ దశలో ఆగిందో చెవులతోనే తెలుసుకోవచ్చు.

చప్పుడే లేకపోతే

బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండవచ్చు, ఫ్యూజు పోయి ఉండవచ్చు. లేదా యంత్రం కావాలనే ఆగి ఉండవచ్చు! చాలా నమూనాల్లో సీటుపై మనిషి ఉండాలి, బ్రేకు పెడలు నొక్కి ఉండాలి, బ్లేడు స్విచ్చి ఆపి ఉండాలి. ఈ షరతులన్నీ నెరవేరితేనే స్టార్టరుకు విద్యుత్తు అందుతుంది. ఎలక్ట్రానిక్స్ పాఠంలో మీరు చదివిన 'అండ్ గేటు' ఇదే. ఒక్క స్విచ్చి తెరచుకుని ఉన్నా ఫలితం సున్నా.

'టక్'మని ఆగిపోతే

ఆ శబ్దం సోలినాయిడ్‌ది. తాళంచెవి పంపే కొద్దిపాటి ప్రవాహంతో స్టార్టరుకు వెళ్ళే భారీ ప్రవాహాన్ని కలిపే విద్యుదయస్కాంత స్విచ్చి అది. అది పనిచేసినా మోటారు తిరగలేదంటే చాలినంత విద్యుత్తు అందడం లేదన్నమాట. వోల్టుమీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. మరి లోపమెక్కడ?

ఓమ్ నియమాన్ని గుర్తు తెచ్చుకోండి. బ్యాటరీ కొనల దగ్గర చిలుము పట్టి 0.05 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకుందాం. 100 ఆంపియర్ల ప్రవాహానికి అక్కడే 5 వోల్టులు ఖర్చయిపోతాయి! ప్రవాహం లేనప్పుడు ఈ నష్టం సున్నా కనుక మీటరులో కనిపించదు. కాబట్టి తాళంచెవి తిప్పుతూ కొలవాలి. బ్యాటరీ కొనల మధ్య వోల్టేజి 9.6 కన్నా బాగా పడిపోతే బ్యాటరీని ఛార్జి చేసి మళ్ళీ చూడాలి. అక్కడ బాగానే ఉండి స్టార్టరు దగ్గర తగ్గితే, లోపం మధ్యనున్న తీగల్లోనో, సోలినాయిడ్‌లోనో ఉంది. చిలుము గీకి, బోల్టులు బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

తిరిగినా అందుకోకపోతే

నెలల తరబడి నిలవున్న పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు పోతాయి. మిగిలినది జిగురుగా మారి కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను కూడా పీల్చుకుంటుంది. కొంతసేపు ఇంజను తిప్పి, స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే ఇంధనం రావడం లేదు. తడిగా ఉంటే ఇంధనం వస్తోంది. నిప్పురవ్వనో, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరునో అనుమానించాలి.

ఆ తీగ కలపవద్దు

సీటు స్విచ్చి పాడైతే, దాని రెండు కొనలనూ ఒక తీగముక్కతో కలిపేసి బండి నడిపేవారున్నారు. బండి స్టార్టవుతుంది, నిజమే. కానీ మనిషి జారిపడినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. బ్లేడు అంచు వేగం నిమిషానికి 19,000 అడుగులు మించరాదని అమెరికా భద్రతా ప్రమాణం చెబుతోంది. అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు! నెట్టుకుంటూ నడిపే ఇంటి యంత్రాల్లో పిడి వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలని అక్కడ 1982లోనే నిబంధన వచ్చింది. పాడైన స్విచ్చిని మార్చాలే గాని, దాని నోరు నొక్కకూడదు.

మరమ్మతును ఆరుబయట, పెద్దల సమక్షంలోనే చేయాలి. బ్లేడు దగ్గర చేయి పెట్టేముందు తాళంచెవి తీసి, స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీయాలి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు రుణ కొన తీయాలి. ఛార్జయ్యే బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గరలో నిప్పు ఉండరాదు.

మన ఇళ్ళలోని స్కూటరుకు, పొలంలోని పెట్రోలు పంపుసెట్టుకు కూడా ఈ వరసే వర్తిస్తుంది. అక్కడ కిక్కు కొట్టడమో, తాడు లాగడమో స్టార్టరు పని చేస్తుంది. ఈసారి ఏ బండి అయినా మొరాయిస్తే, స్పానరు పట్టే ముందు ఒక కాగితంపై వరసగా రాయండి: ఇంజను తిరుగుతోందా? ఇంధనం వస్తోందా? నిప్పురవ్వ ఉందా? గాలి అందుతోందా? జవాబు 'లేదు' అని వచ్చిన చోట వెతకడం మొదలుపెట్టండి.