చికిత్స చేసేవారికీ మష్వరా కావాలి

పెళ్లి సంబంధం కుదుర్చుకోవాలన్నా, ఇల్లు అమ్మాలన్నా నలుగురితో మష్వరా చేయనిదే మనం అడుగు ముందుకు వేయం. మరి రోజూ పదిమంది బాధలు వినే హకీం సాబ్, హిజామా చేసేవారు, యోగా నేర్పేవారు, కౌన్సెలింగ్ చేసే మేడం తమకు సందేహం వస్తే ఎవరితో మాట్లాడతారు? చాలామందికి అలాంటి తోడు ఉండదు. గదిలో తామొక్కరు, ఎదురుగా రోగి, అంతే. ఈ లోటు తీర్చడానికి అనేక దేశాల్లో ఒక పద్ధతి ఉంది. చికిత్స చేసేవారే కొందరు క్రమం తప్పకుండా కలిసి, తమకు కష్టమనిపించిన కేసులను ఒకరితో ఒకరు చర్చించుకుంటారు. తెలుగులో దీన్ని 'తోటివారి సంప్రదింపుల బృందం' అనవచ్చు.

మనిషిని మొత్తంగా చూసే వైద్యం

యునానీ వైద్యం రోగాన్ని మాత్రమే కాక మనిషి మిజాజ్‌ను, అంటే స్వభావాన్ని కూడా చూస్తుంది. దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు ద్రవాల సమతూకమే ఆరోగ్యమని చెబుతుంది. గాలి, తిండీ నీరూ, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన అనే ఆరు విషయాలను తప్పక విచారించమంటుంది. మనసును కూడా ఆ ఆరింటిలో చేర్చారంటే వారి చూపు ఎంత విశాలమో తెలుస్తుంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఉంది కనుక ఈ మాటలు మన ప్రాంతానికి కొత్త కావు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం యునానీలో మానసిక వైద్యం పీజీ చేసినవారిని కూడా మానసిక ఆరోగ్య నిపుణులుగా గుర్తించింది. అయితే ఆ గుర్తింపు పీజీ చదివినవారికే తప్ప ప్రతి హకీంకూ, హిజామా చేసే ప్రతి ఒక్కరికీ వర్తించదు.

ఒంటరిగా చూస్తే ఏమవుతుంది?

ఉదాహరణకు ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. నలభై ఏళ్లుంటాయి, భర్త కువైట్‌లో ఉన్నాడు. ఆమెకు నిద్ర పట్టదు, నీరసం, ఊరికే ఏడుపొస్తుంది. ఒకరు సౌదా పెరిగిందంటారు. ఇంకొకరు చెడు రక్తం తీయాలంటారు. మరొకరు నజర్ తగిలిందంటారు. ప్రతిచోటా కొంత ఊరట దొరకవచ్చు. కానీ థైరాయిడ్ పరీక్ష చేయించారా? రక్తహీనత ఉందా? 'చనిపోవాలనిపిస్తోందా అమ్మా?' అని ఎవరైనా మెల్లగా అడిగారా? ఎవరి గుమ్మం నుంచి వారు చూస్తే ఈ ప్రశ్నలు మిగిలిపోతాయి. అవి మిగిలిపోతే ప్రాణమే పోవచ్చు.

బయటి కన్ను లేకపోతే ఎంత నష్టమో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశమంతా చూసింది. దర్గా ఊళ్లో ప్రైవేటుగా నడుస్తున్న ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద మరో దారి తొక్కారు. దువాతో పాటు దవా కూడా అందేలా అక్కడ మానసిక వైద్యులను అందుబాటులో ఉంచారు. ఎవరిని వైద్యుల దగ్గరికి పంపాలో ముజావర్లకు నేర్పారు. నమ్మకం వదులుకోమని ఎవరినీ అడగలేదు.

బృందం ఎలా నడుస్తుంది?

హంగరీలో పుట్టిన వైద్యుడు మైఖేల్ బాలింట్ 1950లలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో సాధారణ వైద్యులను కూర్చోబెట్టి, వారి రోగుల గురించి మాట్లాడించాడు. వైద్యుడు కూడా రోగికి ఒక మందేనని, ఆ మందు మోతాదునూ దుష్ఫలితాలనూ కూడా తెలుసుకోవాలని ఆయన ఆలోచన. ఆయన బృందాల్లో ఒక నాయకుడు ఉండేవాడు. తోటివారి బృందంలో పెద్ద, చిన్న ఉండరు.

ఐదుగురి నుంచి ఎనిమిది మంది దాకా నెలకోసారి గంటన్నర కలిస్తే చాలు. నడిపే బాధ్యత వంతులవారీగా తీసుకోవాలి. ఒకరు తమ కేసును పది నిమిషాల్లో చెబుతారు. ముందు అర్థం కాని సంగతులు మాత్రమే అడగాలి. తర్వాత చెప్పిన వ్యక్తి మౌనంగా ఉంటే మిగిలినవారు ఆలోచనలు పంచుకుంటారు. ఏం అడగడం మరిచారు? ఎక్కడ ప్రమాదం ఉంది? ఎవరి దగ్గరికి పంపాలి? ఈ రోగిని చూస్తే విసుగో, అతి జాలో కలుగుతోందా? చివరికి నిర్ణయం, బాధ్యత రెండూ కేసు చెప్పిన వారివే.

మా ఉపాధ్యాయులకు ఇది సులువుగా అర్థమవుతుంది. తనిఖీకి అధికారి వస్తే వెనుకబడిన పిల్లల్ని వెనక బెంచీలో దాస్తాం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో తోటి టీచరు దగ్గర మాత్రం 'వీడికి భాగహారం ఎలా చెప్పినా ఎక్కడం లేదు' అని ఒప్పుకుంటాం. అక్కడే దారి దొరుకుతుంది. అదే సమావేశం సర్క్యులర్లు చదవడంతో గడిచిపోతే టీ తప్ప మిగిలేదేమీ ఉండదు.

మూడు జాగ్రత్తలు

మొదటిది, అందరూ ఒకే వైద్యం వారు కాకూడదు. ఐదుగురు హకీంలే కూర్చుంటే ఐదుగురూ సౌదా అనే అనవచ్చు. ఒక ఎంబీబీఎస్ డాక్టరో, మానసిక నిపుణులో తప్పక ఉండాలి.

రెండవది, రోగి చెప్పిన మాట అమానత్. గోప్యత రోగి హక్కని 2017 చట్టం కూడా చెబుతోంది. కల్లూరు లాంటి చోట పేరు తీసేస్తే సరిపోదు. వీధి, భర్త ఉద్యోగం చెబితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. గుర్తుపట్టే వివరాలు మార్చాలి, రోగి అనుమతి తీసుకోవాలి, వాట్సాప్‌లో ఒక్క ముక్క కూడా పెట్టకూడదు.

మూడవది, అత్యవసరం నెలవారీ సమావేశం కోసం ఆగదు. ఛాతీ నొప్పి, ఫిట్స్, చనిపోతాననే మాట ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మనసు బాధలకు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇది మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. ఒక గది, ఒక చాప, నాలుగు కప్పుల చాయ్ చాలు. యునానీ కళాశాల, మెడికల్ కాలేజీ, యోగా కేంద్రాలు అన్నీ కర్నూలులోనే ఉన్నాయి. వారందరినీ ఒకచోట కూర్చోబెట్టే పని మన సొసైటీ లాంటి సంస్థలు చేయగలవు. చికిత్సకు వెళ్లే మనం కూడా ఒక మాట మర్యాదగా అడగవచ్చు: "సాబ్, మీకు సందేహం వస్తే ఎవరిని అడుగుతారు?" దానికి ఒక పేరు చెప్పగలిగే వైద్యుడి దగ్గరికి ధైర్యంగా వెళ్లవచ్చు.