ఎనిమిది డిగ్రీలే హాయి

డిసెంబరు పొద్దున నేతిగిన్నెలో చెంచా దిగదు. పక్కనున్న నువ్వులనూనె సీసా వంచితే మాత్రం ధార కడుతుంది. రెండూ కొవ్వులే. నేతిలో ఎక్కువభాగం కొవ్వు గొలుసులు నిటారుగా ఉంటాయి, అగ్గిపుల్లల్లా దగ్గరదగ్గరగా సర్దుకుని గడ్డకడతాయి. నూనెలోని గొలుసులకు నడుం దగ్గర ఒక వంకర. అందుకే ఒద్దికగా సర్దుకోలేవు.

ఆర్కిటిక్ సముద్రపు అడుగు మట్టిలో దొరికిన కోల్వెల్లియా సైక్రెరిత్రియా (నోరు తిరగని పేరే, మొదటి సగం అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ గౌరవార్థం పెట్టింది) ఈ వంకరను నమ్ముకునే బతుకుతోంది. బ్యాక్టీరియా కణాన్ని చుట్టి ఉండే పొరలో ముఖ్యసరుకు కొవ్వే. అది నెయ్యిలా పేరుకుంటే లోపలికి తిండి రాదు, బయటికి చెత్త పోదు. కాబట్టి చలినీటి బ్యాక్టీరియా తన పొరలో వంకర గొలుసుల పాలు పెంచుకుంటుంది.

ఎంజైముల దగ్గరా ఇదే వరస. పనిచేయాలంటే ఎంజైము కాస్త అటూ ఇటూ మెదలాలి. మన ఒంట్లోవి చలికి బిగుసుకుపోతాయి. చలినీటి బ్యాక్టీరియావి వదులు కుట్టు మీద ఉంటాయి, లోపల పట్టి ఉంచే బంధాలు తక్కువ. కానీ వదులు కుట్టు వేడికి ఆగదు, ఇట్టే విడిపోతుంది. కోల్వెల్లియాకు హాయిగా ఉండేది 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మనం ఏసీ 24లో పెట్టుకుని సేదదీరే గదిలో దానికి వడదెబ్బే.

మరి మంచులో? సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మంచు పలుకులో ఉప్పుకు చోటు లేదు. బయటికి నెట్టేసిన ఉప్పంతా మిగిలిన కాస్త నీటిలో చేరి, మంచు మధ్య సన్నని కాలువల్లో చిక్కటి ఉప్పునీరుగా నిలుస్తుంది. ఆ ఉప్పు వల్లే అది గడ్డకట్టదు. బ్యాక్టీరియా కాపురం అందులోనే, ఒంటిచుట్టూ చక్కెర గొలుసుల జిగురు పూసుకుని. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కోల్వెల్లియా మైనస్ 10 డిగ్రీల దగ్గర కూడా ఈదుతూ సూక్ష్మదర్శినికి చిక్కింది. అలాస్కా సముద్రపు మంచులో దొరికిన సైక్రోమోనాస్ ఇంగ్రహామి మైనస్ 12లోనూ పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికి పది రోజులు పడుతుందనుకోండి. మన పేగుల్లోని ఈ.కోలికి అనుకూలిస్తే ఇరవై నిమిషాలు చాలు.

ఈ చలి సంగతి మన చేపల రేవుల్లోనూ పనికొస్తుంది. వెచ్చని నీళ్లలో పట్టిన చేప, చలినీటి చేపకంటే సాధారణంగా ఐస్‌లో ఎక్కువ రోజులు ఆగుతుంది. మన చేప మీదున్న బ్యాక్టీరియాలో చాలావాటికి ఐస్ తగలగానే కాళ్లూచేతులూ ఆడవు. నార్వే కాడ్ చేప మీద ఉండేవాటికి ఐస్ పెట్టె పుట్టిల్లు. అలాగని మన చేపకూ ఢోకా లేకపోలేదు. చలికి ఓర్చుకునే షెవానెల్లా లాంటివి కొద్దిగా ఉన్నా, ఐస్‌లో పోటీ తగ్గిన అదను చూసి మెల్లగా పెరుగుతాయి, చేప కండలోని ఒక పదార్థాన్ని కుళ్లువాసన కొట్టే ట్రైమిథైలమీన్‌గా మార్చేస్తాయి. బేరానికి ముందు చేపల మనిషి మొప్ప ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకునేది ఆ వాసన కోసమే.