రెండు రూపాయల బూట్లు

"అమ్మా, బూట్లు కొనాలి" అంది మా అమ్మాయి, కాలేజీ నుంచి వస్తూనే. కిందటేడు వానాకాలం సంగతి. మొన్ననేగా కొన్నాం అన్నాను. "అవి కాదమ్మా, ఫుట్‌బాల్ బూట్లు. నన్ను టీమ్‌లోకి తీసుకున్నారు!"

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు అందుకున్నారు. "మోకాలు విరిగితే రేపు సంబంధాలు ఎవరు తెస్తారే?" నిజం చెప్పొద్దూ, నా భయమూ అదే. పైకి అనలేదంతే. దానికితోడు బూట్ల ధర వినేసరికి నెల ఖర్చుల పుస్తకం కళ్లముందు తిరిగింది.

అప్పుడు మామగారు పేపరు మడిచి, "మన అమ్ముగూడ బలరాం బూట్లు ఎంతకి కొన్నాడో తెలుసా?" అన్నారు. ఆయన బొల్లారంలో పెరిగారు. బలరాం ఆట చూసిన వాళ్లన్నయ్య చెప్పిన కబుర్లు ఆయన దగ్గర బోలెడు. నేనూ సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగాను. కానీ అమ్ముగూడ అంటే బొల్లారం లైన్లో ఒక రైల్వే స్టేషన్ అనే తెలుసు నాకు!

తులసీదాస్ బలరాం 1936లో ఆ అమ్ముగూడలోనే పుట్టాడు. కలిగిన ఇల్లు కాదు. కొడుకు చదువుకుని ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకోవాలని తల్లి ఆశ. బంతి వెంట పరిగెడితే అన్నం ఎవరు పెడతారని కోప్పడేదట. అబ్బాయి మాత్రం అమ్మ దగ్గరే ఎలాగో డబ్బు సంపాదించి, పాత పోలీసు బూట్లని చెప్పులు కుట్టేవాడితో ఆడేందుకు వీలుగా బాగుచేయించుకున్నాడట, రెండు రూపాయలకి. ఆ తల్లి మీద నాకు కోపం రాలేదు సుమండీ. ఆమె స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. అప్పటికి అంటున్నాను కూడా కదా!

ఆ కుర్రాణ్ని గుర్తించింది సయ్యద్ అబ్దుల్ రహీం. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఆయన వేషమే. వృత్తికి బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. అమ్ముగూడ ఎక్కడ, హైదరాబాద్ ఎక్కడ! రోజూ ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవని బలరాం అంటే, అద్దె సైకిలుకి రోజుకో రూపాయి రహీం సాబే ఇచ్చేవారట.

ఆ తర్వాతి కథ చకచకా నడిచిపోయింది. 1956లో, 1957లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. 1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన మన జట్టులో బలరాం ఉన్నాడు. మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. 1960లో రోమ్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. అదే ఏడు అర్జున అవార్డు. మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట మానేయాల్సి వచ్చింది. పట్టుమని ముప్ఫై ఏళ్లు లేవు. తోటి ఆటగాళ్లు పి.కె. బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీలు వచ్చాయి. ఈయనకి రాలేదు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. ఆ మర్నాడు పేపర్లో ఆ వార్త నేను చదివానో లేదో కూడా గుర్తులేదు.

ఇంతకీ మేం బూట్లు కొన్నాం. దసరాకి నాకు చీర వాయిదా పడింది, అంతే.

ఇక మా అమ్మాయి టీమ్ ఘనత చెప్పాలంటే, ఆడినవి ఐదు మ్యాచ్‌లు. గెలిచింది ఒకటి. మొదటి దాంట్లో ఆరు గోలులు తిన్నారు. టీమ్‌లో సగం మంది అంతకుముందు బంతిని కాలితో తాకని వాళ్లాయె! నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడిందన్న వార్త కత్తిరించి, గోల్‌కీపరు పిల్ల తన పుస్తకంలో దాచుకుంది.

నన్ను బాధపెట్టింది ఓటమి కాదు. ఒక మైదానంలో ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది కూడా లేదు. ముగ్గురు తల్లులం దుప్పటి అడ్డంపెట్టి నిలబడ్డాం. రెండోసారి దుప్పటి మా అత్తగారే గుర్తుచేసి సంచిలో పెట్టారు. ఆవిడ మ్యాచ్‌కి మాత్రం రానన్నారు, చూడలేనని.

నాలుగో మ్యాచ్‌లో మోకాలు గీరుకుపోయి ఇంటికొచ్చింది. నేను డెట్టాలు తెచ్చేలోపు అత్తగారు పసుపు అద్దేశారు. తిడతారేమో అనుకున్నా. "ఇంతకీ గెలిచారా?" అనడిగారు. ఆ రోజే గెలిచారు.

సీజను అయ్యేసరికి కుడి బూటు అడుగు ఊడొచ్చింది. మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళితే అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బాయివా అమ్మా?" అన్నాడు.

"మా అమ్మాయివి" అన్నాను. గట్టి దారంతో రెండు వరసలు కుట్టమని చెప్పి, అక్కడే నిలబడి కుట్టించుకొచ్చాను.